ఆముదం పలక

మా బావ పీచు మిల్లు రావులపాలెం దాటి కాలవ గట్టెక్కాక కొబ్బరి తోటల మధ్యన ఉండేది. చిరునామా అడిగి అక్కడికి వచ్చినవాళ్ళు లేరు. దుమ్ము చూసి వచ్చేవారు. కొబ్బరి డొక్కల్ని మిషను చితక్కొట్టి పీచుని ఒక పక్కకీ, పొట్టుని ఒక పక్కకీ విసురుతుంటే మిగిలినదంతా ఆకాశానికి లేచేది. ఆ గోధుమరంగు మబ్బు చూసి పక్క ఊళ్ళో ఆడవాళ్ళు వానొస్తోందని వడియాలు లోపల పెట్టుకున్నారని మా అక్క చెబుతుంది. ఒకసారి మా బావ గేదె ఆ దుమ్ములోకి నడిచి, అవతలి వైపు ఎర్రావుగా తేలిందనీ, పాలు పితికితే గానీ పోల్చుకోలేకపోయారనీ నేను చెబుతాను. మొదటిది నిజం.

ఆ మిల్లు మా బావకి కూడు పెట్టిందంటే తక్కువ చెప్పినట్టు. పెళ్ళినాటికి ఆయన ఆస్తి అదొక్కటే. పిల్లల చదువులు దాని దుమ్ములోంచే లేచాయి. అయితే కాలక్రమాన తాళ్ళన్నీ నైలానువైపోయాయి, పరుపులన్నీ ఫోమువైపోయాయి, డొక్కలు లారీలెక్కి ఎక్కడెక్కడి పెద్ద మిల్లులకో వలసపోవడం మొదలెట్టాయి. చుట్టూ ఉన్న వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోయి, చివరికి మిల్లు నీళ్ళ మధ్య లంకలా మిగిలింది. దాని కింద నేల కౌలుది. ఆ నేల గల ఆసామిది భీమవరం వైపు. ఒకరోజు ఆయన కారు దిగి, అక్క ఇచ్చిన కాఫీ తాగి, చెప్పాల్సింది చెప్పాడు.

"మీరు పెద్దవారు. ఖాళీ చెయ్యండని నా నోటితో అనలేనండి. వేసవి దాటేలోగా మిల్లు నిలబడుతుందనడానికి ఆర్డరేదైనా చూపించండి, సంతోషంగా కౌలు రాసేస్తాను. లేదంటే మాత్రం పొక్లెయిన్‌కి చెప్పేసుకుంటానండి. మరోలా అనుకోకండేం."

మా గోదావరి జిల్లాల్లో మనిషి మెడమీద కత్తి పెట్టేవాడు కూడా "కాస్త తల వంచుతారాండీ" అనే పెడతాడు. ఆయన వెళ్ళాక మా అక్క గ్లాసు తీస్తూ, "ఎంత మర్యాదస్థుడో పాపం" అంది. మా బావ ఆ పూట అన్నం తినలేదు. మా బావ అన్నం మానేయడమంటే గోదావరి ఒక పూట సెలవు పెట్టడం లాంటిది. నేను ధవళేశ్వరంలో కాలవల కాగితాలు రాసే గుమాస్తాని, గోదావరి సెలవుల సంగతి నాకు తెలుసు. అది సెలవు పెట్టదు.

"నాకు పీచు తప్ప ఇంకోటి రాదోయ్ బావమరిదీ," అన్నాడు. "ఈ వయసులో రొయ్యలకి మేత జల్లుతూ కూర్చోమంటావా? అవి నన్ను చూసి నవ్వుతాయి."

మా మాస్టారు అప్పుడు రంగంలోకి దిగారు. ఆయన రాజమండ్రిలో కెమిస్ట్రీ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఇంటర్లో నాకు ఆ పాఠాలు చెప్పి, నేను ఇవాళ గుమాస్తాగా స్థిరపడడానికి మూలకారకులైన మహానుభావుడు. లూథరన్ చర్చిలో పెద్ద. ప్రార్థన ఎంత నిదానంగా చేస్తారో ప్రయోగం అంత తొందరగా చేస్తారు. వాళ్ళింటి వంటగది గోడమీది మరకల్ని బట్టి ఏ ఏడాది ఏ రసాయనం మీద మోజుపడ్డారో చదువుకోవచ్చు. మా బావ గొడవ నేను ఇంకా సగం చెప్పకుండానే ఆయన కుర్చీలోంచి లేచిపోయారు.

"పీచు మీ బావగారి దగ్గరుంది. నూనె కిరాణా కొట్లో ఉంది. రెంటినీ కలిపి వేడిమీద నొక్కితే పలకవుతుందయ్యా! చెక్క అక్కర్లేదు, ప్లాస్టిక్ అక్కర్లేదు. బస్సుల్లో, కార్లలో లోపల వేసే పలకల కోసం దేశదేశాలవాళ్ళు ఇప్పుడిదే వెతుకుతున్నారు."

"ఏం నూనె మాస్టారూ?"

"ఆముదం."

ఆ మాట చెవిన పడగానే చిన్నప్పుడు మా అమ్మ ముక్కు మూసి నా గొంతులో పోసిన ఆముదమంతా కడుపులో లేచి నిలబడి ఆయనకి నమస్కారం పెట్టింది.

మిల్లులో మా బావ ముందు ఈ ప్రతిపాదన పెట్టినప్పుడు ఆయనకి వచ్చిన సందేహం కూడా అటువంటిదే. "ఆముదంతో బల్లలాండీ? వాటి మీద కూర్చున్నవాళ్ళకి బస్సు దిగేదాకా ఆగుతుందంటారా?"

మాస్టారు నవ్వలేదు. కెమిస్ట్రీ దగ్గర ఆయన నవ్వరు. "ఆముదం పెళ్ళికూతురనుకోండి. నేను తెచ్చే ఈ గట్టిపరిచే మందు పెళ్ళికొడుకు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకున్నారంటే ఇక రాయే. మీ పీచు చుట్టపక్కాలు. చుట్టూ చేరి ఆ కాపరం విడిపోకుండా పట్టుకుంటారు. ఒకటే భయమండి, నీళ్ళు. ఆ పెళ్ళికొడుక్కి నీళ్ళంటే వెర్రి. తడి కనిపిస్తే పీటలమీంచి లేచిపోతాడు. ఆముదాన్ని వదిలేసి నీళ్ళతో కలుస్తాడు, గాలి పుడుతుంది, పలక పొంగిపోతుంది."

"ఛీ, వెధవ," అంది మా అక్క, పెళ్ళికొడుకుని.

"అంటే పీచుకి నీళ్ళు తగలకూడదు. అంతేనాండీ?" అన్నాడు బావ.

"అంతే."

"ఆయ్. నేను చూసుకుంటాను."

ఈ ఒడంబడిక ఏ స్థలంలో జరిగిందో నేను అప్పుడే ఆలోచించి ఉండాల్సింది. ఒక పక్క కాలవ. మూడు పక్కల చెరువులు. నేలలో గునపం దింపితే నీళ్ళు గునపాన్ని పైకి పంపిస్తాయి. అగ్గిపెట్టెలో పుల్ల వెలగాలంటే ముందు దాన్ని ఒళ్ళో పెట్టుకుని బుజ్జగించాలి. ఉప్పు డబ్బాలో ఉప్పుండదు, సముద్రముంటుంది.

నొక్కే యంత్రం కొనే తాహతు లేక తయారు చేసుకున్నాం. మండపేటలో మూతబడ్డ రైసుమిల్లు పాత ఇనుములో దొరికిన రెండు దళసరి రేకులు, వాటిని అదిమిపట్టడానికి ఒక లారీ జాకీ, కింద కొబ్బరి చిప్పల నిప్పులు. చూడ్డానికి రాక్షసులు పెసరట్లు పోసుకునే పెనంలా ఉండేది. దాని మీద మొదటి పలక పోశాం. అది రేకుకి అతుక్కుంది. ఉలితో చెక్కాం, గునపంతో పొడిచాం, ట్రాక్టరుకి కట్టి లాగుదామా అని కూడా అనుకున్నాం. మాస్టారు చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు సంచినిండా తెచ్చి రేకులకి రుద్దారు. తర్వాతి పలక స్తోత్రమన్నట్టు ఊడివచ్చింది. అయితే గట్టిపడలేదు. మందు పాళ్ళు కుదరక జిగురుగా మిగిలిపోయింది. ఎండలో పెడితే ఈగలు అంటుకున్నాయి, ఈగల కోసం బల్లి, బల్లి కోసం పిల్లి. వారం తిరిగేసరికి అదొక జంతుప్రదర్శనశాల అయింది, టిక్కెట్టు పెట్టలేదంతే.

ఆ పైన మాస్టారు పీచుని సోడా నీళ్ళలో ఉడికించి, జిడ్డు వదిలేదాకా కడిగి, ఎండబెట్టమన్నారు. మిల్లు ఆడవాళ్ళు కాగుల దగ్గర కూర్చుని పీచుకి తలంటు పోశారు. వాళ్ళలో పెద్దావిడ, "నా బాలింతప్పుడు కూడా నాకింత సేవ జరగలేదండీ," అని దాన్ని ఒక్కటిచ్చుకుని మరీ ఉతికింది.

చివరికి ఒక మధ్యాహ్నం జాకీ దించి పైరేకు ఎత్తితే, పలక.

తేనెరంగులో ఉంది. లోపల పీచు గీతలు నీళ్ళలో నాచులా అటూ ఇటూ పారుతున్నాయి. వేలితో తడితే టేకు తలుపులా పలికింది. మా బావ దాన్ని రెండు ఇటుకల మీద వేసి పైన నిలబడ్డాడు. మోటారుసైకిలు ఎక్కించాడు. ఆ తర్వాత మా అక్క ఎక్కింది. పలక నిలిచింది. ఇక ఏ లేబరేటరీ పరీక్షా అవసరం లేదని నేనన్నందుకు ఆ పూట నాకు పెరుగు వడ్డించలేదు.

బావ ఆ పలకని తుండుగుడ్డలో చుట్టుకుని ఊరంతా తిరిగాడు. టీ కొట్టు బల్లమీద పెట్టి, "ముట్టుకోండి, పరవాలేదండి, కరవదు. ఇదంతా మన డొక్కేనండి, మన డొక్కే," అని చూపించాడు. పొయ్యిలోకి తప్ప పనికిరాదని తన్నేసే డొక్క బస్సెక్కి ఊళ్ళు తిరగబోతోందంటే నమ్మనివాళ్ళని ఆపి మరీ నమ్మించాడు. పెళ్ళైన కొత్తల్లో తప్ప ఆయన అంత నిటారుగా నడవడం నేను చూడలేదు.

బస్సులు కట్టే ఒక కంపెనీకి ఆ పలకలోంచి కోసిన ముక్క పంపాం. వాళ్ళ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ముక్క బాగుందట. తమ ఇంజనీరు వచ్చి మా కళ్ళముందే, మా మిల్లులోనే ఇంకో పలక నొక్కించి చూస్తుందట. అది కూడా అలాగే వస్తే ఆర్డరిస్తారట. భూమి ఆసామికి బావ ఈ కబురు చెబితే ఆయన, "చాలా సంతోషమండి, కాగితం రాగానే కౌలు రాసేద్దాం," అన్నాడట. ఆ మాట బావ పదే పదే చెప్పుకోవడం విని, అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, "ఒరేయ్ తమ్ముడూ, ఇది గనక తప్పిందంటే మీ బావ మనిషి మిగలడురా," అంది.

ఇక పీచుని ఆరబెట్టడం మొదలైంది. ఊళ్ళో ధాన్యం ఆరబోసుకునే రోడ్డు మీద టార్పాలిన్ పరిచి పీచు పోశాం. పొద్దున్నే పరవడం, సాయంత్రం మడిచి షెడ్డులో పెట్టడం. మా బావ దానికి కాపలా కాసినట్టు కోహినూరుకి కూడా కాయరు. తలస్నానం చేసినవాళ్ళని ఆ ఛాయలకి రానివ్వలేదు. చెమట పట్టినవాళ్ళు దూరంగా నిలబడాలన్నాడు. ఏప్రిల్‌లో ఆ లెక్కన జిల్లా మొత్తం కాకినాడ దాకా జరగాలి. పనివాళ్ళలో ఒకావిడ ఏదో తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఏడిస్తే కాలవ గట్టు మీదకెళ్ళి ఏడవమ్మా, ఇక్కడొద్దు," అన్నాడు. ఆవిడ ఏడుపు మాని నవ్వేసింది.

ఇంజనీరుని తీసుకురావడానికి మాస్టారూ నేనూ కారు మాట్లాడుకుని రాజమండ్రి స్టేషన్‌కి వెళ్ళాం. విశాఖ వైపు అమ్మాయి. మా బావ కూతుళ్ళ వయసుంటుంది. మాట మెత్తన, చూపు చురుకు. దారిలో మాస్టారు పాళ్ళ గురించీ, వేడి గురించీ చెబుతుంటే ఆయన కంటే ముందే వాక్యాలు పూర్తి చేసింది. తన శిష్యులు ఇలా ఎందుకు లేరని ఆయన నా వైపు ఒకసారి చూశారు. కారు బ్రిడ్జి దిగేసరికి బయట ఎండ ఇనుపరేకు మీద ఆవగింజల్లా చిటపటలాడుతోంది.

మిల్లు దగ్గర దిగేసరికి దుమ్ము లేదు.

అసలు లేదు. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ వాకిట్లో నేల రంగు చూడడం అదే మొదలు. రోడ్డు దగ్గర్నుంచి షెడ్డు దాకా కళ్ళాపి చల్లి ఉంది. గుమ్మం ముందు ముగ్గు. షెడ్డులోకి అడుగుపెడితే ఎండాకాలం బయటే ఆగిపోయింది. లోపల గచ్చంతా నీళ్ళు పోసి కడిగారు. గోడల మీద కూడా ధారలు ఇంకా జారుతున్నాయి. కిటికీలన్నిటికీ తడిపిన గోనెలు కట్టి ఉన్నాయి. వాటిలోంచి వచ్చే గాలి కార్తీకమాసంలో గోదావరి గట్టున వీచేదే.

"అబ్బ! ఎంత చల్లగా ఉందండీ ఇక్కడ," అంది ఆ అమ్మాయి, కళ్ళు మూసుకుని.

మా బావ ముఖం చూడాల్సింది. "మీరొస్తున్నారని తెల్లారకుండానే తడిపించానమ్మా. గోనెలు కాలవలో ముంచి కట్టించాను, ఆరిపోయినప్పుడల్లా మళ్ళీ ముంచుతున్నారు. ఆడపిల్ల అంతదూరం నుంచి మనింటికొస్తే దుమ్ములో, ఉక్కలో నిలబెడతామాండీ?"

నేను మాస్టారి వైపు చూశాను. ఆముదం తాగిన ముఖం అనే మాట ఇన్నేళ్ళూ ఎలా వాడానో గానీ, దాని అర్థం ఆ క్షణాన కళ్ళారా చూశాను.

ఆయన బావని గుమ్మం అవతలికి తీసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను.

"పీచు ఎక్కడుందండీ?"

"లోపలే. ఇదుగో, బల్లమీద విప్పి పరిపించాను, మీరు రాగానే అందుతుందని. భయపడకండి మాస్టారూ, దాని మీద ఒక్క చుక్క పడలేదు. మా మనవరాలి మీద ఒట్టు. నీళ్ళు చల్లుతున్నంతసేపూ గొడుగు పట్టుకుని నిలబడ్డాను."

నిజంగానే పట్టుకున్నాడు. గొడుగు ఇంకా ఆ బల్ల పక్కనే తెరిచి ఉంది.

మాస్టారు లోపలికెళ్ళి పీచుని గుప్పిట్లోకి తీసుకున్నారు. చేతికి పొడిగానే తగిలింది. నాకూ అలాగే అనిపించింది. "చుక్క పడక్కర్లేదండీ," అన్నారాయన, ఆ అమ్మాయికి వినపడకుండా. "ఈ పీచు గాలిలో తడి కూడా తాగేస్తుంది. పొద్దుట్నుంచీ తాగే ఉంటుంది. తీసి ఎండలో వేసేద్దాం. సాయంత్రానికి ఆరుతుంది. అప్పుడు నొక్కుదాం."

"సాయంత్రం రైలుందండి ఆవిడకి. వచ్చిన మనిషిని పట్టుకుని, ఉండమ్మా, మా పీచు ఆరలేదు, రైలు మానుకో అంటామా?" బావ తల అడ్డంగా ఊపాడు. "బాగోదండి."

మా జిల్లాల్లో "బాగోదు" అన్న తీర్పు మీద అప్పీలు లేదు. మాస్టారు కెమిస్ట్రీ విషయంలో దేవుడితో కూడా వాదించే మనిషి, రంగుల పాళ్ళు తేడాగా ఉన్నాయని నోవహు ఇంద్రధనుస్సులో కూడా తప్పు పడతారు. కానీ ఆయన కూడా ఇక్కడ పుట్టినవారే. నోరు తెరిచారు, లోపల తడిగోనె నీడలో కూర్చుని మంచినీళ్ళు తాగుతున్న ఆ అమ్మాయిని చూశారు, నోరు మూసుకున్నారు. నేను గుమాస్తాని. నాకు అసలు నోరు తెరిచే అలవాటే లేదు.

పీచు పరిచారు. ఆముదంలో మందు కలిపి పోశారు. పైరేకు దించి బావ స్వయంగా జాకీ తిప్పాడు. కాసేపు ఏమీ జరగలేదు. ఆ కాసేపూ మా అక్క గుమ్మంలో చెంగు పళ్ళతో పట్టుకుని నిలబడింది, ఆడవాళ్ళు మిషను కట్టేసి ఒకరి భుజం మీంచి ఒకరు చూస్తున్నారు. ఇంతలో రేకుల సందులోంచి బుసబుసమని చప్పుడు మొదలైంది. తర్వాత పసుపుపచ్చని నురగ అంచుల్లోంచి తోసుకొచ్చి, పొయ్యి మీద పొంగిన పాలలా కారడం మొదలెట్టింది. బావ జాకీ ఇంకా బిగించాడు. నురగ ఇంకా వచ్చింది. అరచేత్తో దాన్ని లోపలికి నెట్టబోయాడు. చెయ్యి కాలి, వెనక్కి లాక్కుని మళ్ళీ జాకీ పట్టుకున్నాడు.

"వదిలేయండి," అన్నారు మాస్టారు.

రేకు ఎత్తితే అందులో ఉన్నది దిబ్బరొట్టె. అంత మందాన ఉబ్బి, లోపలంతా బొరియలు పడి, పైన పెంకుకట్టి ఉంది. ఇంజనీరు అమ్మాయి దాన్ని వేలితో నొక్కింది. వేలు కణుపు దాకా దిగిపోయింది. ఆ అమ్మాయి గభాలున వేలు తీసుకుని, ఏదో చెయ్యకూడనిది చేసినట్టు మా బావ వైపు చూసింది.

"ఇంకోసారి చేద్దామా సార్? మొదటిసారి ఏదో తేడా వచ్చుంటుంది."

ఇంకోసారి చేశాం. అదే పీచు, అదే గది, అవే గోనెలు. ఈసారి రేకు ఎత్తకముందే అందరికీ తెలుసు.

ఆ అమ్మాయి చుట్టూ చూసింది. తడిగోడలు, గోనెలు, గొడుగు, కిటికీ సందులోంచి మిలమిలలాడే చెరువు. తెలివైన పిల్ల అన్నానుగా, అంతా అర్థమైంది. "నా కోసం తడిపారా అండీ ఇదంతా?" అంది. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగినట్టే ఉంది. కానీ ఇంజనీరు కదా, అడగాల్సింది అడిగింది.

"ఇవాళంటే ఇలా జరిగిందండి. మీరు పంపిన ముక్క మాత్రం నిజంగా బాగుంది, అది నేను రాస్తాను. కానీ మాకు ఏడాది పొడుగునా పలకలు కావాలండి. వానాకాలంలో ఏం చేస్తారు? మీ ఊళ్ళో గాలే తడి కదండీ."

దీనికి జవాబు మాస్టారి దగ్గర ఉంది. తడి పీల్చే మిషన్లు, మూసిన గదులు, పీచుని వేయించే పెద్ద పొయ్యిలు. అవన్నీ ఉన్నవాళ్ళు ఎక్కడో పొడినేల మీద ఉన్నారు. మాకున్నది ఒక లారీ జాకీ, చర్చి కొవ్వొత్తులు. మాస్టారు అద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. నా కంటే ఆ ప్రశ్న మీద హక్కున్నవాడు లేడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఈ డెల్టాకి నీళ్ళు పంపే కాగితాలు రాస్తున్నది నేనే.

మాట్లాడింది మాత్రం మా బావ. "అన్నం వేళయిందమ్మా. చెయ్యి కడుక్కోండి."

"వద్దండీ, రైలు..."

"రైలుకి చాలా టైముంది. తిని వెళ్ళండి. తినకుండా వెళ్తే బాగోదు."

కాలిన చేతికి అక్క వెన్న రాసి గుడ్డ కడితే, ఎడమచేత్తో ఆయనే వడ్డించాడు. పనసపొట్టు కూర, చింతకాయ పచ్చడి, ముద్దపప్పు మీద నెయ్యి. ఆ అమ్మాయి తలెత్తకుండా తింది. వెళ్ళేటప్పుడు పూతరేకుల డబ్బా బలవంతాన చేతిలో పెట్టాడు. మలుపు తిరిగేదాకా కారుకేసి చూస్తూ నిలబడి, మలుపు తిరిగాక కూడా నిలబడ్డాడు. అప్పటికి గోనెలు ఆరిపోయాయి, వాకిలి ఆరిపోయింది. ఆ వేడిలో ఏం ఆరదు చెప్పండి.

"నేను చల్లించిన నీళ్ళేనాండీ?" అని అడిగాడు మాస్టారిని.

మాస్టారు అబద్ధం ఆడరు. చెప్పులకేసి చూశారు. "గాలండీ," అన్నారు. "గాలిలో ఎప్పుడూ ఉండే తడే."

"ఆయ్," అన్నాడు మా బావ. తనకి అసలు సంగతి అర్థం కాలేదని మాస్టారు అనుకోవాలని అలా అన్నాడు. మాస్టారు అలాగే అనుకున్నట్టు తల ఊపారు. నేను ఇద్దర్నీ చూస్తూ నిలబడ్డాను. ఇంత మర్యాదగా మునిగిపోయే జనం భూమ్మీద ఇంకెక్కడా ఉండరు.

ఇంట్లో అక్క మాత్రం ఊరుకోలేదు. అంట్లు తోముతూ ఎవరితోనూ కాకుండా అంది: "ఇంటికొచ్చిన పిల్లకి చల్లగా ఉండాలనుకోవడం కూడా తప్పేనా?"

కంపెనీ నుంచి మళ్ళీ ఫోను రాలేదు. మాస్టారు ఇంకో రెండు మూడు సార్లు వచ్చారు. వేరే నూనె, వేరే పాళ్ళు, చింతగింజల జిగురు, అరటినార అంటూ సంచిలోంచి తీశారు. బావ అన్నీ విని, కాఫీ ఇచ్చి, "వద్దండి మాస్టారూ, మీకు శ్రమ," అన్నాడు. ఆ మాట మూడోసారి విన్నాక మాస్టారు సంచి తేవడం మానేశారు, తర్వాత రావడమూ మానేశారు. ఆయన వంటగది గోడకి సున్నం వేయించారని విన్నాను. నాకు ఒక మనిషి పోయిన కబురు విన్నట్టైంది.

వేసవి దాటింది. ఆసామి తనే వచ్చాడు. "అయ్యో, ఇలా జరగాల్సింది కాదండి," అని చాలా బాధపడ్డాడు. నిజంగానే పడ్డాడు. మిషనుని ముక్కలు చేసి పాత ఇనుము లారీ ఎక్కించారు. ఆడవాళ్ళు రొయ్యల తలలు తీసే షెడ్డుకి కుదిరారు. అక్కడ చేతులు ఐసునీళ్ళలో నానిపోతాయనీ, దుమ్మే నయమనీ పెద్దావిడ మా అక్కతో అంది. పొక్లెయిన్ వచ్చి నేల తవ్వడం మొదలెట్టింది. నేను చెప్పే కథల్లో అయితే అది తవ్వి తవ్వి పాతాళం దాకా వెళ్ళి ఉండేది. అంత దూరం వెళ్ళలేదు. నడుంలోతు తవ్వేసరికే నీళ్ళు వాటంతటవే వచ్చేశాయి.

మిల్లు ఆగాక ఇంట్లో ఒక కొత్త తంటా వచ్చింది. మా బావకి మెల్లగా మాట్లాడడం రాదు. జీవితమంతా మిషను మీంచి అరిచి మాట్లాడిన మనిషి. మిషను పోయింది, అరుపు మిగిలింది. మజ్జిగ కావాలంటే పక్కింటివాళ్ళు చెంబుతో వచ్చేవారు. అక్క మొదట్లో నవ్వింది, తర్వాత విసుక్కుంది, తర్వాత, "ఇక్కడే ఉన్నానండీ, చెవుడు లేదు," అని రోజూ చెప్పేది. ఆయన తగ్గించుకోవడం మొదలెట్టాడు. వెళ్ళిన ప్రతిసారీ ఆ గొంతు ఇంకాస్త తగ్గినట్టు నాకు తెలిసేది. పోయిన ఆదివారం వెళ్ళాను. ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. కంచంలోకి చూస్తూ ఆయన ఏదో అన్నాడు.

"ఏంటి బావా?" అన్నాను.

మళ్ళీ అన్నాడు. పెదాలు కదలడం చూశాను. అక్క గరిటె పట్టుకుని ముందుకి వంగింది. నేనూ వంగాను. మూడోసారి ఆయన అనలేదు. ఆయన ఏం అడిగాడో అక్కకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. అక్క ఇంకాస్త అన్నం పెట్టింది. తిన్నాడు.